సగం గదిలో కొట్టం

బైండింగ్ దుకాణం వెనక వాటా నుంచి

కోడలు పిల్లకి, నెత్తిన చెయ్యి పెట్టి దీవించి మామయ్య వ్రాయునది.

మీ అమ్మ నా చెల్లెలే గానీ, ఉత్తరానికి జవాబు రాసే గుణం ఆవిడకి రాలేదు, నీకు వచ్చింది. అందుకే నీకు రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు బస్సు డిపోలో ఉంటావు. "ఒక్క నిమిషం మామయ్యా" అని నన్ను చెవి దగ్గరే ఉంచుకుని, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో అరుస్తావు. ఆ అరుపులు వినడం నాకు సరదాయే గానీ, నా మాట ఎక్కడ తెగిందో మళ్ళీ దొరకదు. పోనీ టాబ్లెట్‌లో నువ్వు నేర్పిన ఆటలో మాట్లాడుకుందామంటే, అందులో నవ్వే మొహం, ఏడ్చే మొహం, చప్పట్లు తప్ప మాటలే లేవు. జీవితమంతా నోటితో నెట్టుకొచ్చినవాణ్ణి, చప్పట్లతో సరిపెట్టుకోమంటే ఎలా?

విరిగిన కాలు అతుక్కుంది. డాక్టరు నడవమంటున్నాడు, కాలు వద్దంటున్నది, వాళ్ళిద్దరి తగవులో నేను పడి నలుగుతున్నాను. దుకాణం మూసే ఉంది. బిల్డింగు ఓనరు లిఫ్టు పెట్టిస్తాడట. దాని గుంత సరిగ్గా మా దుకాణంలో పడుతుందట. "సగం గది మీకే ఉంచుతాను పెద్దాయనా, ఉంటారా, ఖాళీ చేస్తారా, వానలు వెలిశాక మేస్త్రీ వస్తాడు, ఆలోగా చెప్పండి" అన్నాడు. సగం గదిలో బైండింగు ఏమిటి? కటింగ్ మిషన్ పెడితే నేను బయట నిలబడాలి. ఖాళీ చేస్తాననే చెబుదామని ఉంది. మంచిదే. ఎన్నాళ్ళని జిగురు వాసన?

ఇక అసలు సంగతికి వస్తాను. మంచంలో పొద్దుపోవడానికి నువ్వు ఇచ్చి వెళ్ళిన ఆ వ్యవసాయం ఆటని నేను మొదట్లో చులకన చేశాను. వేలితో దున్నితే మొలిచేది ఏం పంట అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న నీ పొలం చూడ్డానికి వెళ్ళాను. ఆట నీకూ నాకూ ఇచ్చిన నేల ఒకటే కొలత. నా నేలని సగం కొట్టాలే మింగేశాయి. నీ పొలంలో గోధుమ కంచె దాకా ఊగుతున్నది, మూలన కొట్టం ఒక్కటంటే ఒక్కటి. లోపలికి వెళ్ళి నోరు తెరిచాను. "ఈగ దూరుతుంది, ముయ్యండి" అంది మీ అత్తయ్య.

నూనె గానుగలు, జున్ను మరలు, తేనె పీపాలు, మగ్గాలు! అన్నీ ఒకదాని భుజం ఒకదానికి ఆనించుకుని బుద్ధిగా నిలబడ్డాయి. మధ్యన ఒక్కటే సందు. నీ బొమ్మ ఆ సందులో ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కసారి నడిచింది. అంతే, అటూ ఇటూ మరలన్నీ పని అందుకున్నాయి. నా కొట్టంలో నా బొమ్మ గుమ్మం దగ్గర్నుంచి గానుగ దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు గూకుతుంది.

నా చదువు సంగతి నీకు తెలుసు కదా. బైండింగుకి వచ్చిన పుస్తకాలే నా బడి. ఏ శాస్త్రమైనా కస్టమరు వచ్చి పట్టుకుపోయేదాకానే నాకు వచ్చు. ఖగోళంలో శనిగ్రహం దాకా వెళ్ళాను, అక్కడ లెక్చరరుగారు తలుపు తట్టారు. ఆ పుస్తకాల్లో ఇళ్ళు కట్టే శాస్త్రం కూడా ఉండేది, చాలా భాగం చదివాను. నీ కొట్టం లాంటిది అందులో నేను చూడలేదు. ఎలా చేశావే తల్లీ? దాచకుండా చెప్పు.

ఇట్లు, 
దున్నడం వచ్చి సర్దడం రాని
మామయ్య


డిపో క్వార్టర్సు, పైగది

మామయ్యకి,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదువుకుని నవ్వుతుంటే, కండక్టర్లు లాక్కుని గట్టిగా చదివారు. ఇప్పుడు ఇక్కడ నువ్వు నాకంటే పెద్ద పేరున్న మనిషివి. శని తర్వాత కూడా గ్రహాలు ఉన్నాయి, బెంగ పెట్టుకోకు.

నీ కొట్టం కూడా చూశాను. మామయ్యా, అది కొట్టమా, ఫంక్షన్ హాలా? ఒక్కో మర చుట్టూ షికారుకి దారి వదిలావు! గానుగ చుట్టూ తిరిగి చూసేవాళ్ళెవరు?

చెబుతాను, విను. ఆ ఆటలో నేలంతా గడులే. బయటి గడి పంటది, కొట్టం లోపలి గడి పనిది. కొట్టం కట్టినప్పుడల్లా పంట తగ్గుతుంది. ఉన్న కొట్టంలో ఎన్ని మరలు పట్టించినా బయట ఒక్క మొక్క కూడా పోదు. అందుకని కొత్తది కట్టకు, ఉన్నది నింపు. నింపమన్నాను గానీ కుక్కమనలేదు. నీ బొమ్మ ఒక గడిలో నిలబడితే చుట్టూ ఉన్న గడులన్నీ చేతికి అందుతాయి, మూలలతో సహా. అంటే వస్తువుకి ఎంత చోటు కావాలో చూడకూడదు. నువ్వు ఎక్కడ నిలబడతావో ముందు అనుకుని, నీ చుట్టూ వస్తువుల్ని పిలవాలి. రోజూ తాకేది సందు పక్కన. పంటకోసారి తాకేది గోడ మూలకి. పాలు వచ్చే చోటే జున్ను మర, దాని పక్కనే పెట్టె. మనిషి మోయాల్సిన పని లేకుండా సరుకు పక్కదాని చేతికి అందుతూ పోవాలి.

దీన్ని శాస్త్రం అనకు. నా గది చూశావుగా? మంచం ఎత్తి గోడకి తగిలిస్తే గానీ తలుపు తెరుచుకోదు. ఇందులో ఏడాది ఉంటే నీకూ వస్తుంది.

దుకాణం గురించి "మంచిదే" అని రాశావు. నిజంగానా?

కోడలు


బైండింగ్ దుకాణం వెనక వాటా నుంచి

కోడలు పిల్లకి,

నీ మాట విని మూడు కొట్టాలు పీకేశాను. ఉన్న ఒక్కదాంట్లో మరలన్నీ నువ్వు చెప్పినట్టే భుజం భుజం ఆనించి పేర్చాను. ఎంత ముచ్చటగా పేర్చానంటే, చివరి మర పెట్టేశాక చూసుకుంటే నా బొమ్మ మధ్యలో ఉండిపోయింది. నాలుగు వైపులా మరలే. గుమ్మం కనబడుతున్నది గానీ దారి లేదు. గింజుకుంటున్నాను.

"ఏమైందండీ, ఆ మొహం?" అంది మీ అత్తయ్య.

"బయటికి రాలేకపోతున్నానే."

"బాగుంది. ఆటలోనైనా ఇంటిపట్టున ఉంటారు."

చివరికి ఒక తేనె పీపా బద్దలుకొట్టి బయటపడ్డాను. ఆ తర్వాత సందు వదిలి మళ్ళీ పేర్చాను. ఇప్పుడు నా పొలంలోనూ కంచె దాకా పైరు ఉంది. కానీ నాది నీ పనికి నకలే. అసలు దగ్గర ఉండే కళ వేరు. రోజుకోసారి నీ కొట్టం చూసి వస్తున్నాను. పాలు తెచ్చే అతనికి చూపించాను, కాలికి కట్టు మార్చే నర్సమ్మకి చూపించాను. నర్సమ్మ "మా వార్డు ఈ పిల్లకి అప్పజెప్తే బాగుండు" అంది. నా ఛాతీ రెండింతలైంది.

ఒక్క మాట అడుగుతాను, ఊరికే. ఆటలో వరదో గాలివానో వచ్చి కొట్టంలో సగం కొట్టుకుపోతే, ఆ మిగిలిన సగంలో ఎవరైనా ఏమైనా చెయ్యగలరా? నువ్వైనా? ఆట గురించే అడుగుతున్నాను.

మామయ్య


డిపో క్వార్టర్సు

మామయ్యకి,

ఈ ఆటలో వరదలు రావు, కొట్టాలు సగం కావు. అలాంటిది ఎవరూ చేసి చూడలేదు.

ఇక్కడ పండగ రద్దీకి అదనపు బస్సులు వేశారు, తల గోక్కునే తీరిక లేదు. కొన్నాళ్ళు నా పొలానికి రాకు. అంతా చిందరవందరగా ఉంది. నేనే పిలుస్తాను.

కోడలు


బైండింగ్ దుకాణం వెనక వాటా నుంచి

కోడలు పిల్లకి,

రావద్దన్నావు. వచ్చాను. రావద్దంటే రాకుండా ఉండే మనిషినైతే నేను ఇన్ని పుస్తకాలు చదివేవాణ్ణి కాదు, అవన్నీ చదవమని ఇచ్చినవి కావు కదా.

ఏమిటే ఆ పని? గానుగలు లేవు. జున్ను మరల వరస లేదు. నువ్వు కాలేజీలో చేరినప్పటి నుంచి ఒక్కొక్కటే కూడబెట్టి సర్దిన కొట్టం, నేల తుడిచినట్టు ఖాళీగా ఉంది. మరలన్నీ బయట గోధుమలో పడి ఉన్నాయి, పైరు నలిగిపోయింది. లోపల అడ్డంగా ఒక కంచె నాటావు. కంచెకి ఇవతల ఒక మగ్గం, ఒక గానుగ, ఒక జున్ను మర, నాలుగు పెట్టెలు. కంచెకి అవతల ఏమీ లేదు. ఆ ఖాళీలో ఒక కోడి ఒంటరిగా తిరుగుతున్నది.

విసుగొచ్చిందా? డిపోలో ఎవరైనా ఏమైనా అన్నారా? పెద్దదానివి, ఇంకా ఆటలేమిటని మీ అమ్మ సాధించిందా? సాధిస్తే నాకు చెప్పు, దాని చిన్నప్పటి సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి.

చేసిన పనిని అలా చెరపకూడదే. మంచి పని చూడ్డానికి నోచుకోవడం ఎంత అరుదో నీ వయసుకి తెలియదు. నాలాంటివాడు పొద్దున్నే లేచి, ఇవాళ చూడ్డానికి ఒకటుంది అనుకునేవాడు. ఇప్పుడు అదీ లేదు. పొద్దున టాబ్లెట్ తెరవలేదు.

మామయ్య


డిపో క్వార్టర్సు, పైగది

మామయ్యకి,

తిట్టు, పడతాను. ముందు ఇది చదివి తర్వాత తిట్టు.

నీ "ఊరికే" ప్రశ్న చదివి అత్తయ్యకి ఫోను చేశాను. నువ్వు నాకు రాయనివి అత్తయ్య చెప్పింది. నువ్వు రోజూ కర్ర పట్టుకుని దుకాణంలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, లైటు వెయ్యకుండా కూర్చుంటున్నావట. చేతిలో మీ బైండింగు ఎముక పలక పట్టుకుని, కాగితం లేకుండానే మడతలు నొక్కుతున్నావట. "ఆ దుకాణం పోతే ఈయన గోడ గడియారం అయిపోతాడే, ఉన్న చోటే టిక్కుటిక్కుమంటూ" అంది అత్తయ్య. నాకు మాత్రం "మంచిదే" అని రాశావు!

మామయ్యా, ఆ కంచె నీ దుకాణంలో లేవబోయే గోడ. ఇవతల ఉన్నది నీకు మిగిలే సగం. గడికి రెండడుగుల లెక్కన వేశాను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు అత్తయ్య కుట్టుమిషన్ టేపుతో గదంతా కొలిచి, ఫోనులో అడుగులన్నీ చెప్పింది. మగ్గం నీ కుట్టు చట్రం. జున్ను మర పుస్తకాలు అదిమే నీ ప్రెస్సు. గానుగ నీ కటింగ్ మిషన్. పెట్టెలు అట్టలూ, వాటి మీద అతికించే కాలికో గుడ్డా. అలా కంచె వేసి సర్దుకోవడానికి చాలినంత పెద్ద కొట్టం నాకు ఒక్కటే ఉంది, కాబట్టి దాన్నే ఖాళీ చేశాను. కోడి మాత్రం దానంతట అదే దూరింది.

ఎన్నిసార్లు సర్దానో చెప్పను, నవ్వుతావు. మొదట్లో సరిపోలేదు. పాత అలవాటు కొద్దీ మధ్యలో పొడుగు సందు వదిలాను, సందే సగం తినేసింది. తర్వాత తెలిసింది, నీకు సందు అక్కర్లేదు. సందు నడిచేవాళ్ళకి. నీ పనిలో నడక ఉండకూడదు.

టాబ్లెట్ తెరువు. కొట్టంలోకి వెళ్ళి మగ్గానికీ జున్ను మరకీ మధ్య ఉన్న గడిలో నిలబడు. తలుపు దగ్గర తప్ప ఆ గడి ఒక్కటే ఖాళీగా వదిలాను. నిలబడి, అన్నిటినీ తాకి చూడు.

కోడలు


బైండింగ్ దుకాణం నుంచి (వెనక వాటా నుంచి కాదు, చూసుకో)

కోడలు పిల్లకి,

ముందు మీ అత్తయ్యతో తగవు పెట్టుకున్నాను. నా వెనకాల నా గదిని కొలుస్తావా అన్నాను. "మీ ముందు కొలిస్తే కొలవనిస్తారా? టేపు ఎక్కడ తయారైందో, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తారు" అంది. నిజమే, చెప్పేవాణ్ణి.

తర్వాత నువ్వు చెప్పిన గడిలో నిలబడ్డాను. ఎడమకి తిరిగితే మగ్గం అందింది. కుడికి తిరిగితే మర. ఎదురుగా గానుగ, వెనక పెట్టెలు. నా బొమ్మ ఒక్క అడుగు వెయ్యకుండా పాలు జున్నయ్యాయి, నూలు గుడ్డయింది. చాలాసేపు అలా తిరుగుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ నేను ఆ పెద్ద గదిలో చట్రం నుంచి ప్రెస్సుకి, ప్రెస్సు నుంచి మిషనుకి నడిచిన నడకంతా కలిపితే ఏ సముద్రం ఒడ్డుకో చేరేవాణ్ణి. అదంతా పని అనుకున్నాను. అది పని కాదు, దూరం. కాలు విరిగాక నేను భయపడింది కూడా ఆ దూరానికే, లిఫ్టుకి కాదు. ఈ మాట నాకు తెలియలేదు, నీకు ఎలా తెలిసిందే?

లోపలికి వెళ్ళి సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాను. సగం గది తేలింది. ప్రెస్సు ఉండాల్సిన చోట మీ అత్తయ్యని నిలబెట్టాను.

"నేను ప్రెస్సునా?"

"కదలకు, పుస్తకం జారుతుంది."

"ఇన్నాళ్ళకి నాకు తగ్గ పేరు పెట్టారు," అంది గానీ కదల్లేదు. స్టూలు మీద కూర్చుని తిరిగి చూశాను. చట్రం అందింది, అత్తయ్య అందింది, అట్టలు అందాయి. ఆటలోలాగే.

కటింగ్ మిషను దగ్గర మాత్రం చిక్కు పడింది. మీ అత్తయ్య దాన్ని ముసుగు తియ్యకుండా కొలిచింది. ముసుగు కింద మిషను పిడి ఒదిగి పడుకుని ఉంటుంది. అట్ట కొయ్యాలంటే ఆ పిడిని నిలువునా లేపి, నా వైపు బారెడు లాగాలి. నీ ఆటలో గానుగని వేలితో తాకితే చాలు, తిరుగుతుంది. అక్కడి మనుషులకి మోచేతులు లేవు తల్లీ! నువ్వు గీసిన చోట పెట్టి పిడి లాగితే అది కొత్త గోడకి తగులుతుంది, నా మోచెయ్యి అట్టల బీరువాకి తగులుతుంది. గుమ్మానికి అడ్డం రాకుండా ఎటు తిప్పినా అంతే. పొద్దుటి నుంచి తిప్పుతూనే ఉన్నాను, సుద్ద అయిపోయింది. అట్ట కొయ్యకుండా బైండింగు లేదు.

మేస్త్రీ సోమవారం వస్తాడట. ఓనరు నా మాట కోసం గుమ్మంలోకి వచ్చి, నేల మీద గీతలు చూసి, "తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారా పెద్దాయనా?" అన్నాడు. అవునన్నాను.

ఒకవేళ కుదరకపోయినా, ఇంత ఆలోచించి నాకోసం నీ పొలం పాడుచేసుకున్నవాళ్ళు ఒకరున్నారు, అది చాలు. ఈ ఉత్తరం పాలతని కొడుకు మీ బస్సులోనే పంపిస్తున్నాడు, త్వరగా అందుతుందని.

మామయ్య


డిపో నుంచి, టైమ్ కీపర్ బల్ల మీద

మామయ్యకి,

"అది చాలు" అనకు, చాలదు.

మోచేతుల సంగతి చదివి నా నుదురు కొట్టుకున్నాను. ఎన్నిసార్లు సర్దానో అన్నిసార్లూ ఆ బొమ్మనే చూశాను, నిన్ను చూడలేదు.

నీ ఉత్తరం తెచ్చిన బస్సు గేటు దగ్గరే ఉంది, చదువుతూ దాన్నే చూస్తున్నాను. మా డిపోలో బస్సు తిరగడానికి చోటు లేదు. ఎవరు కట్టారో గానీ, కొలిచి తక్కువ కట్టారు. అయినా రోజూ తిరుగుతున్నాయి. ఎలాగంటే, ముక్కు గేటులోంచి రోడ్డు మీదకి పెట్టి తిరుగుతాయి. ఆ కాసేపు జనం ఆగుతారు. ఈల వేస్తాం, ఆగుతారు. ఎవరూ ఏమీ అనుకోరు.

మిషన్ని నేను గోడ వైపు చూసేలా పెట్టాను. తలుపు గడుల్ని ఎప్పుడూ వదిలెయ్యాలని ఆటలో అలవాటు, అక్కడ ఏమీ పెట్టనివ్వదు. నువ్వు దాన్ని గుమ్మం వైపు తిప్పు. పిడి లాగినప్పుడు నీ మోచెయ్యి వాకిట్లోకి వెళ్తుంది. రోజులో అట్ట కోసేది కాసేపే కదా? ఆ కాసేపు తలుపు తెరిచి ఉంచు, వచ్చినవాళ్ళని బయట ఆగమను. వాకిలిని రోజంతా మనుషులకే ఇవ్వక్కర్లేదు.

ఇదే బస్సు వెనక్కి వెళ్తున్నది. డ్రైవరు చేతికి ఇస్తున్నాను. గుమ్మం ఎంత వెడల్పో అత్తయ్యని మళ్ళీ కొలవమను, ముసుగు తీసి.

కోడలు


బైండింగ్ దుకాణం నుంచి

కోడలు పిల్లకి,

నీ డ్రైవరు ఉత్తరం ఇచ్చి పోలేదు. "తిప్పి చూడండి సార్, ఏమైందో మా మేడమ్‌కి చెప్పాలి" అని గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు నిండా జనం, హారన్లు. హారన్లు విని వచ్చిన ఓనరూ ఆ డ్రైవరూ చెరో పక్క పట్టి మిషన్ని గుమ్మం వైపు తిప్పారు. నేను స్టూలు మీద కూర్చుని పిడి లేపి లాగాను. మోచెయ్యి వాకిట్లోకి వెళ్ళింది, గాలి తప్ప ఏమీ తగల్లేదు. కింద పాత అట్ట ముక్క ఒకటి ఉంది, అది వెన్నలా తెగింది. బస్సులోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఏమిటో వాళ్ళకేం తెలుసు, పాపం, బస్సు కదులుతుందని కొట్టి ఉంటారు.

"ఉంటాను," అన్నాను ఓనరుతో.

"సగంలోనా?"

"సగం ఎక్కడండీ? ఇదే గది," అన్నాను.

గోడ లేచి పది రోజులైంది. అవతల లిఫ్టు గుంత తవ్వుతుంటే ఇవతల ప్రెస్సు కొంచెం వణుకుతుంది, అట్టలు ఇంకా బాగా అతుక్కుంటున్నాయని కస్టమర్లకి చెబుతున్నాను. అబద్ధమే గానీ నమ్ముతున్నారు. అట్ట కోసే వేళ వాకిట్లో నలుగురైదుగురు ఆగుతారు. ఆగినవాళ్ళు ఊరికే ఉండరు కదా, ఒకరి పుస్తకం ఒకరు తిరగేస్తారు. మీ అత్తయ్య స్టూలుకి మెత్త కుట్టింది. దుకాణం మొహం చూడని మనిషి, ఇప్పుడు వచ్చి అట్టల పెట్టె మీద కూర్చుని జిగురు కలుపుతున్నది. జాగా లేక దగ్గరగా కూర్చోవాల్సి వస్తున్నదని సణుగుతుంది. వెళ్ళదు.

నీ కొట్టం మళ్ళీ ముందులా కట్టెయ్యవే. గానుగల వరస, మధ్యన సందు, కంచె దాకా గోధుమ. నువ్వు కట్టిన వాటిలో నాకు నచ్చినది ఈ గదే. కానీ దీన్ని చూడ్డానికి ఇక్కడికి రావాలి. దాన్ని చూడ్డానికి ఊరూరా జనం ఉన్నారు, వాళ్ళ నోట్లో ఈగ దూరాలి.

ఇంకొక పని. నా పొలంలో ఆవులు మేత లేక అరుస్తున్నాయని టాబ్లెట్ గోల పెడుతున్నది. జున్ను మరల మీద దుమ్ము పట్టి ఉంటుంది. నువ్వే వెళ్ళి వాటికి కాస్త మేత వెయ్యి తల్లీ. నాకు తీరిక లేదు, బల్ల నిండా పని ఉంది.

మామయ్య